రోహిణి కార్తె ఎండకూ, రోడ్డెక్కిన వాననీటికీ తట్టుకునే కారు

గోదావరిఖనిలో మే నెల చివరి వారం మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీకి బయలుదేరే మనిషి కారు తలుపు పిడిని ఒట్టి చేత్తో పట్టుకోడు. చేతిరుమాలు చుట్టి తలుపు తెరుస్తాడు, లోపలి సెగ బయటికి పోయేదాకా ఓ నిమిషం పక్కన నిలబడతాడు, ఆ తర్వాతే కూర్చుంటాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్నది ఇలాంటి ఎండను చూసే. వాతావరణ శాఖ ఆ రోజు 45 డిగ్రీలని చెబితే, అది నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచిన లెక్క. తారు నేల మీద నాలుగు గంటలు ఎండిన కారు అనుభవించేది అంతకంటే చాలా ఎక్కువ. అక్కడికి రెండు మూడు వారాలు తిరక్కుండానే మృగశిర వస్తుంది, తర్వాత ముసురు పడుతుంది, అదే కారు అదే మనిషిని ఎక్కించుకుని మోకాలి లోతు నీటి ముందు ఆగుతుంది.

కారు కొనేటప్పుడు మనం మైలేజీ ఎంతని, తెర ఎంత పెద్దదని, పైకప్పు తెరుచుకుంటుందా అని అడుగుతాము. రోజూ వేళకు పనికి చేరవలసిన మనిషి అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: మన ఎండా, మన వానా ఈ బండిని ఏయే చోట్ల దెబ్బ తీస్తాయి, ఆ చోట్ల తయారీదారు ఏం జాగ్రత్త తీసుకున్నాడు? ఆ చోట్లు మరీ ఎక్కువేమీ లేవు. బానెట్ ఎత్తి, కాస్త ఓపికగా చూస్తే చాలావరకు కంటికే కనిపిస్తాయి.

ముందుగా బ్యాటరీ సంగతి. డిసెంబరు తెల్లవారుజామున సెల్ఫ్ తీసుకోకపోతే చలికి బ్యాటరీ పోయిందని అనుకుంటాము. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. నిజానికి చలి ఆ లోపాన్ని బయటపెడుతుంది, అంతే. దెబ్బ తగిలింది అంతకుముందు వేసవిలో. కారు బ్యాటరీలో సీసపు పలకలు సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక స్థూలమైన లెక్క ఉంది. విద్యుత్తునిచ్చే చర్యతో పాటు బ్యాటరీని తినేసే చర్యలకూ అది వర్తిస్తుంది: పలకల లోపలి చట్రం తుప్పు పడుతుంది, ఆమ్లంలోని నీరు ఆవిరై తగ్గుతుంది, పలకల పైభాగం గాలి తగిలి ఎండిపోతుంది. వేడిగా ఉన్నన్నాళ్లు, బలహీనపడిన బ్యాటరీ కూడా ఇంజిన్‌ను తిప్పగలుగుతుంది కాబట్టి ఆ నష్టం మనకు తెలియదు. చలి రాగానే చర్యలు మందగిస్తాయి, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఎక్కువ బలం కావలసి వస్తుంది, అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

అందుకే షోరూంలో బానెట్ ఎత్తించి బ్యాటరీ ఎక్కడ ఉందో చూడాలి. పొగగొట్టం మొదలయ్యే వైపున, ఇంజిన్‌ను ఆనుకుని ఉన్నదా, లేక దానికి దూరంగా, ముందునుంచి వచ్చే గాలి తగిలే మూలన ఉన్నదా? చుట్టూ వేడిని ఆపే తొడుగు ఏదైనా ఉన్నదా? సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలయ్యే ఏర్పాటు ఉన్న కార్లకు మామూలు బ్యాటరీ పనికిరాదు, దానికి తగిన రకానికి ధర ఎక్కువ. అది మన ఊరి దుకాణంలో దొరుకుతుందో లేదో కొనకముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

బ్యాటరీ కంటే పెద్ద కథ ఇంజిన్ చల్లదనానిది. పెట్రోలు మండి ఇచ్చే శక్తిలో చక్రాలకు చేరేది స్థూలంగా మూడో వంతు లేదా అంతకంటే తక్కువ. మిగిలినది వేడి. అందులో ఒక పెద్ద భాగం పొగతో పోతుంది, మరో పెద్ద భాగాన్ని ఇంజిన్ లోపల తిరిగే కూలెంట్ అనే ద్రవం మోసుకుని, బండి ముందున్న సన్నని గొట్టాల పెట్టె రేడియేటర్ దగ్గర గాలికి వదలాలి. వేడి ఎంత త్వరగా వదులుతుందన్నది రేడియేటర్‌కూ దాని గుండా వెళ్లే గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడుతుంది. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉన్నదనుకుందాము. బయట 25 డిగ్రీలుంటే ఆ తేడా 70. బయట 45 అయితే తేడా 50. అంటే అదే రేడియేటర్, అదే గాలి, కానీ వేడిని వదిలే సామర్థ్యం పావు వంతుకు పైగా పడిపోయింది. దీనికి తోడు ఏసీ కండెన్సర్‌ను సాధారణంగా రేడియేటర్‌కు ముందే బిగిస్తారు. క్యాబిన్‌లోంచి లాగిన వేడిని కండెన్సర్ గాలిలోకి వదిలితే, అలా కాగిన గాలే వెనకనున్న రేడియేటర్‌ను చల్లబరచాలి. బండి వేగంగా పోతుంటే గాలి ఉద్ధృతి ఈ లోటును పూడుస్తుంది. రైల్వే గేటు దగ్గరో, బొగ్గు లారీల వరుస వెనకో నిలిచినప్పుడు మాత్రం అంతా ఫ్యాన్ మీదే ఆధారం.

కూలెంట్ విషయంలో మన దగ్గర ఒక పాత అలవాటు ఉంది: మట్టం తగ్గితే బోరు నీళ్లు పోయడం. ఇది బండికి చేసే పెద్ద అపకారం. మామూలు నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని పెంచడం వల్ల ఆ మరుగు స్థానం 120 దరిదాపులకు చేరుతుంది, ఎథిలిన్ గ్లైకాల్ సగం, శుద్ధి చేసిన నీరు సగం కలిపిన కూలెంట్‌కు అది ఇంకా పైన ఉంటుంది. బోరు నీళ్లలో ఈ అదనపు భద్రత తగ్గడమే కాక, వాటిలోని లవణాలు సన్నని గొట్టాల లోపల పొరగా పేరుకుంటాయి. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లని పెచ్చును గుర్తు తెచ్చుకుంటే చాలు. అదే పెచ్చు రేడియేటర్ లోపల పడితే వేడి బయటికి రావడానికి దారి ఉండదు.

ఇక ఎంపిక దగ్గరికి వస్తే, నా సలహా ఒక్కటే: టెస్ట్ డ్రైవ్‌కు ఉదయం ఏడింటికి వెళ్లవద్దు. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికి, ఎండలో నిలిపి ఉంచిన బండినే అడిగి తీసుకోండి. నలుగురిని ఎక్కించుకుని ఏసీ పూర్తిగా పెట్టి ట్రాఫిక్‌లో అరగంట తిప్పండి. ఉష్ణోగ్రత ముల్లు కదిలిందా, ఆగి ఉన్నప్పుడు ఏసీ గాలి వేడెక్కిందా, ఒక లీటరు లోపు చిన్న ఇంజిన్ అయితే ఏసీ కంప్రెషర్ ఆన్ అయినప్పుడల్లా బండి ఈడ్చినట్టు అనిపించిందా, ఇవన్నీ ఆ అరగంటలో తెలిసిపోతాయి. ఏ కాగితం మీది అంకెలూ ఇంత స్పష్టంగా చెప్పవు.

రంగు అందానికి మాత్రమే సంబంధించినదని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు 2011లో ప్రచురించిన పరిశీలనలో ఒకే రకం కార్లు రెండింటిని, ఒకటి నల్లది, మరొకటి వెండి రంగుది, ఎండలో నిలిపి చూశారు. నల్లదాని కంటే వెండి రంగు కారు పైకప్పు 25 డిగ్రీల దాకా చల్లగా, లోపలి గాలి 5, 6 డిగ్రీలు చల్లగా ఉన్నాయి. షెడ్డు లేని పార్కింగ్‌లో ఎనిమిది గంటలు బండి నిలిపే ఉద్యోగికి ఇది చిన్న తేడా కాదు: ఏసీ మీద భారం తగ్గుతుంది, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ పగలడం తగ్గుతుంది. మన ఎండలకు తెలుపు, వెండి రంగులే సరైనవని నేను గట్టిగా చెబుతాను.

టైర్ల గురించి రెండు మాటలు చాలు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి, ఆ వంపులోనే వేడెక్కుతుంది. కాగిన రోడ్డు మీద వేగంగా పోతే పగిలేది చాలాసార్లు అలాంటి టైరే. వేడికి గాలి పీడనం ఎలాగూ పెరుగుతుంది కదా అని ముందే తగ్గించి కొట్టించడం తప్పు. తయారీదారు చెప్పిన పీడనాన్ని టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే ఉదయాన్నే చూసుకోవాలి. కొత్త కారైనా, పాతదైనా, టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య వెతకండి: 2324 అని ఉంటే అది 2024లో 23వ వారం తయారైనదని అర్థం. అరుగుదల లేకపోయినా రబ్బరుకు వయసు ఉంటుంది.

ఎండ బండిని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తింటే, నీరు ఒక్క క్షణంలో పని ముగిస్తుంది. పెట్రోలు ఇంజిన్‌లో పిస్టన్ పైకి లేచినప్పుడు గాలి, ఇంధనాల మిశ్రమాన్ని సుమారు పదో వంతుకు నొక్కుతుంది. గాలి నొక్కుడు పడుతుంది, నీరు పడదు. గాలి పీల్చే గొట్టం గుండా సిలిండర్‌లోకి కొన్ని గుక్కల నీరు చేరినా, పైకి లేస్తున్న పిస్టన్ రాయికి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది, దాన్ని నెట్టే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీటిలో ఆగిపోయిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దని మెకానిక్‌లు మొత్తుకునేది ఇందుకే: మొదటిసారి ఆగినప్పుడు బతికిన ఇంజిన్ రెండోసారి సెల్ఫ్‌కు పోతుంది. ఈ నష్టాన్ని మామూలు ఇన్సూరెన్సు సాధారణంగా ఇవ్వదు, ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. లోతట్టు దారిలో ఉద్యోగానికి వెళ్లేవారు అది తీసుకుని తీరాలి.

కాబట్టి నీటి విషయంలో చూడవలసింది గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుభాగానికీ మధ్య ఎత్తు, ఒక్కటే కాదు. బానెట్ కింద ఎయిర్ ఫిల్టర్ నల్ల పెట్టెను గుర్తించి, దాని నుంచి బయలుదేరిన ప్లాస్టిక్ గొట్టాన్ని వేలితో అనుసరిస్తూ వెళ్లండి. అది కొన్ని కార్లలో పైన, గ్రిల్ వెనక తెరుచుకుంటుంది, కొన్నింటిలో వంపు తిరిగి బంపర్ వైపు దిగుతుంది. ఆ నోరు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. ఎత్తైన కారు కంటే పొట్టి కారుకు ఆ నోరు ఎత్తుగా ఉండటం అసాధ్యమేమీ కాదు. కొందరు తయారీదారులు ఎంత లోతు నీటిలో వెళ్లవచ్చో ప్రకటిస్తారు: మహీంద్రా థార్‌కు 650 మిల్లీమీటర్లు, టాటా పంచ్‌కు 370 అని చెప్పారు. ఇవి నిలిచిన నీటిలో, నెమ్మదిగా వెళ్లినప్పటి లెక్కలు. ఎదురుగా ఒక బస్సు వస్తే అది నెట్టే అల ఆ లెక్కను తారుమారు చేస్తుంది.

నీరు పారుతున్నప్పుడు మరో ప్రమాదం ఉంది, దానికి ఇంజిన్‌తో పనిలేదు. 900 కిలోల చిన్న కారును తీసుకోండి. దాని అడుగుభాగం 3.6 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు అనుకుంటే వైశాల్యం 5.4 చదరపు మీటర్లు. అడుగుభాగం నీటిలో 17 సెంటీమీటర్లు మునిగితే అది తొలగించే నీరు సుమారు 0.92 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 920 కిలోలు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం కారు బరువంతా నీరే మోస్తున్నది. అడుగుభాగం నేలకు 17 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నదంటే, రోడ్డు మీద 34 సెంటీమీటర్ల నీరు చాలు, టైర్లకు నేల మీద పట్టు పోతుంది. తలుపుల సందుల్లోంచి నీరు నెమ్మదిగా లోపలికి వస్తుంది కాబట్టి ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, కొట్టుకుపోవడానికి ఆ కొద్ది నిమిషాలే చాలు. మోకాలు కూడా మునగని నీరది. వాగు పొంగిన కల్వర్టు మీద ఏ కారూ నమ్మదగినది కాదు, అది ఎంత ఖరీదైనదైనా సరే.

విద్యుత్ కార్లకు గాలి పీల్చే నోరు లేదు కాబట్టి నీటిలో ఇంజిన్ విరిగే బెడద లేదు. బ్యాటరీకి ఐపీ 67 అని రాసి ఉంటే, ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు చేరనట్టు పరీక్షించారని అర్థం. వరదలో రోజంతా నానినా పరవాలేదని కాదు. వీటికి అసలు శత్రువు వేడి. 2012లో అమెరికాలోని ఎడారి రాష్ట్రం అరిజోనాలో నిస్సాన్ లీఫ్ యజమానులు తమ బ్యాటరీల సామర్థ్యం అనుకున్నదానికంటే త్వరగా పడిపోతున్నదని గుర్తించారు. ఆ కారు బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. మన ఎండలకు విద్యుత్ కారు కొనేవారు బ్యాటరీని కూలెంట్‌తో చల్లబరుస్తారా లేదా అని తప్పక అడగాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవారికి ఇంకో జాగ్రత్త అవసరం. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో కురిసిన కుండపోతలో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీటిలో నానాయి. అలాంటి బండ్లను కడిగి, తుడిచి, సువాసన చల్లి అమ్మకానికి పెట్టేవారు ఉంటారు. పైకి మెరిసే సీటు నిజం చెప్పదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు పట్టీ మీద మట్టి గీత ఉంటే బండి మునిగిందన్నమాటే. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో ఎండిన బురద ఉన్నదేమో చూడండి. ముందు సీటు కింద వంగి, అది జరిగే పట్టాల మీద తుప్పు ఉన్నదేమో వేలితో తడమండి. ఈ మూడు చోట్లను అంత శ్రద్ధగా కడిగే ఓపిక అమ్మేవారికి సాధారణంగా ఉండదు.