సభ సెలవులో ఉంటే బిల్లు ఎవరి చేతికివ్వాలి?

అమెరికా పార్లమెంటు పేరు కాంగ్రెస్; సెనెట్, ప్రతినిధుల సభ అని దానికి రెండు సభలు. అది పాస్ చేసిన బిల్లు తన దగ్గరికి వచ్చాక అమెరికా అధ్యక్షుడికి ఆదివారాలు తీసేసి 10 రోజుల గడువు ఉంటుంది. నచ్చితే సంతకం పెడతాడు. నచ్చకపోతే కారణాలు రాసి, బిల్లు ఏ సభలో మొదలైందో ఆ సభకే తిప్పి పంపుతాడు. అప్పుడు రెండు సభలూ మూడింట రెండొంతుల మెజారిటీతో దాన్ని మళ్ళీ నెగ్గించుకోవచ్చు. ఏమీ చేయకుండా ఊరుకుంటే గడువు దాటగానే బిల్లు దానంతటదే చట్టమైపోతుంది. అసలు మెలిక చివర్లో ఉంది: ఈలోగా కాంగ్రెస్ వాయిదా పడి, బిల్లును తిప్పి పంపే వీలు లేకుండా పోతే, అది చట్టం కాదు. అధ్యక్షుడు దాన్ని జేబులో పెట్టుకుని కూర్చుంటే చాలు. దీన్నే పాకెట్ వీటో అంటారు. మామూలు వీటోని ఓటేసి ఓడించవచ్చు, దీన్ని ఓడించే దారే లేదు.

గ్రూప్స్‌కి చదివినవాళ్ళకి ఈ మాట వినగానే 1986 నాటి తపాలా బిల్లు, దాన్ని ఆపి ఉంచిన రాష్ట్రపతి జైల్ సింగ్ గుర్తొస్తారు. అది వేరే సంగతి. మన రాజ్యాంగం 111వ అధికరణం రాష్ట్రపతికి గడువు పెట్టలేదు కాబట్టి పార్లమెంటు నడుస్తున్నా బిల్లు ఆగిపోవచ్చు. అమెరికాలో గడువు ఉంది. అందుకే అక్కడి తగువంతా ‘వాయిదా’ అనే ఒక్క మాట చుట్టూ తిరిగింది.

1812లో అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ మొదటిసారి దీన్ని వాడాడు. అందరికీ తెలిసిన ఉదాహరణ మాత్రం లింకన్‌ది. 1864 జులై 4న సమావేశాలు ముగుస్తున్నాయి. లింకన్ కాపిటల్ భవనంలోనే ఓ గదిలో కూర్చుని వరసగా బిల్లుల మీద సంతకాలు పెడుతున్నాడు. తిరుగుబాటు చేసి విడిపోయిన దక్షిణ రాష్ట్రాలను మళ్ళీ కలుపుకోవడానికి కఠినమైన షరతులు పెట్టిన వేడ్–డేవిస్ బిల్లు వచ్చింది. దాన్ని పక్కన పెట్టేశాడు. సెనెటర్ చాండ్లర్ వచ్చి నిలదీస్తే, సభ ముగిసే కొద్ది నిమిషాల ముందు చేతికిచ్చారు, ఇంత పెద్ద విషయాన్ని అలా మింగలేనన్నాడు. అక్కడ లింకన్ మాటలో న్యాయం ఉంది. సభ హడావుడిగా బిల్లు పడేసి వెళ్ళిపోతే, అధ్యక్షుడికి ఆలోచించే సమయం దక్కాలన్నదే ఆ నిబంధన ఉద్దేశం.

నాకు బాధ కలిగించేది 1926 నాటి బిల్లు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒకానగన్, కోల్‌విల్ వంటి ఆదివాసీ తెగలు తమ భూములు పోయాయని ప్రభుత్వం మీద దావా వేసుకోవడానికి అనుమతినిచ్చే బిల్లు అది. పరిహారం కాదు, కోర్టు గుమ్మం ఎక్కే హక్కు మాత్రమే. జూన్ 24న అధ్యక్షుడు కూలిడ్జ్ దగ్గరికి వెళ్ళింది. జులై 3న కాంగ్రెస్ సమావేశాలు ముగిశాయి. గడువు జులై 6 వరకు ఉంది. ఆయన సంతకమూ పెట్టలేదు, తిప్పీ పంపలేదు. బిల్లు చట్టమైపోయిందని తెగలు వాదించాయి. 1929లో సుప్రీంకోర్టు కాదంది. సభ కూర్చుని లేనప్పుడు ఆఫీసులో గుమాస్తా చేతికి కాగితం ఇస్తే సభకు ఇచ్చినట్టు కాదని జస్టిస్ శాన్‌ఫర్డ్ రాశారు. మూడు రోజుల తేడాతో, అధ్యక్షుడు కారణం ఒక్క ముక్క చెప్పకుండా, ఆ తెగల భూముల దావా ఎవరూ వినకుండానే తలుపు మూసుకుపోయింది.

తొమ్మిదేళ్ళకి కోర్టే కాస్త వెనక్కి తగ్గింది. సెనెట్ ఒక్కటే మూడు రోజులు విరామం తీసుకుంటే అది కాంగ్రెస్ వాయిదా కాదని, సెనెట్ కార్యదర్శికి బిల్లు అందించినా చెల్లుతుందని 1938లో చెప్పింది.

అసలు పరీక్ష 1970 క్రిస్మస్‌కి వచ్చింది. ఫ్యామిలీ డాక్టర్ల శిక్షణకు నిధులిచ్చే బిల్లు సెనెట్‌లో 64–1తో గెలిచి, డిసెంబర్ 14న అధ్యక్షుడు నిక్సన్ చేతికి చేరింది. 22న సభలు పండక్కి వెళ్ళాయి. సెనెట్ 28కల్లా, ప్రతినిధుల సభ 29కల్లా తిరిగొచ్చేస్తాయి. అధ్యక్షుడి కాగితాలు అందుకోమని సెనెట్ తన కార్యదర్శికి ముందే అధికారం ఇచ్చి వెళ్ళింది. గడువు 25న ముగుస్తుందనగా, 24న నిక్సన్ సంతకం పెట్టనని ప్రకటించి బిల్లును చంపేశాడు. సెనెటర్ ఎడ్వర్డ్ కెనెడీ కోర్టుకెక్కి, తన కేసు తనే వాదించుకుని గెలిచారు. 1974 ఆగస్టులో అప్పీలు కోర్టు తీర్పు వచ్చేనాటికి నిక్సన్ పదవిలోనే లేడు. కొద్ది రోజుల పండగ సెలవుని, నెలల తరబడి సభే లేని పాత కాలంతో సమానం చేయడం ఏ రకంగానూ సబబు కాదు.

అధ్యక్షుడు రీగన్ హయాంలో ఎల్ సాల్వడార్ సాయానికి మానవ హక్కుల షరతు పెట్టిన బిల్లు మీద ఇదే గొడవ మళ్ళీ లేచింది. ఈసారి అది ఒక సమావేశానికీ తర్వాతి సమావేశానికీ మధ్య వచ్చిన విరామం. 1987లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కానీ, అప్పటికే ఆ బిల్లు కాలం తీరిపోయిందంటూ కోర్టు అసలు ప్రశ్న జోలికి పోలేదు.

అప్పట్నుంచి వైట్ హౌస్ కొన్నిసార్లు రెండు పడవల మీద కాళ్ళు పెడుతోంది. బిల్లును సభ ఆఫీసుకు తిప్పి పంపుతూనే, ఇది పాకెట్ వీటో అని కూడా అంటుంది. 2007 డిసెంబర్ 28న జార్జ్ బుష్ రక్షణ శాఖ బిల్లు మీద అదే చేశాడు. ఇది మామూలు వీటోనే అంటూ ప్రతినిధుల సభ దాన్ని కమిటీకి పంపింది. ఓటు దాకా మాత్రం వెళ్ళలేదు. బుష్ అభ్యంతరం చెప్పిన భాగం సవరించి కొత్త బిల్లు పాస్ చేశారు. 2008 జనవరి 28న ఆయన దాని మీద సంతకం పెట్టాడు.