ప్రాసెసర్ పోలేదు, ముందు కనెక్షన్ చూడండి: గిటార్ వాయించేవాళ్ల అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి నా రిపేరు బల్ల మీదకు వచ్చే గిటార్ ప్రాసెసర్లలో (గిటార్ శబ్దానికి ఎఫెక్టులు కలిపే పెట్టెలు) చాలా వాటికి లోపల ఏ జబ్బూ ఉండదు. మూత విప్పే పని కూడా పడదు. తప్పు ప్రాసెసర్‌కూ దాని పక్క పెట్టెకూ మధ్యలో ఉంటుంది. కేబులో, అడాప్టరో, కంప్యూటర్లో ఒక సెట్టింగో. కానీ సౌండ్ రాకపోగానే పక్కనున్నవాళ్లు ఎవరో ఒకరు "బోర్డు పోయింది" అనేస్తారు. ఇక దాన్ని విశాఖపట్నమో, భువనేశ్వరో, కోల్‌కతానో పంపుతారు. సరిగ్గా పెళ్లిళ్ల సీజన్లో చేతిలో సామాను ఉండదు. కొందరు సగం ధరకు అమ్మేసి కొత్తది కొనుక్కుంటారు. చర్చిలో వాయించే కుర్రాడు, మెలోడీ ప్రోగ్రాంలలో రాత్రికింతని వాయించే గిటారిస్టు వాయిదాల మీద కొన్నదాన్ని అలా వదులుకోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ప్రాసెసర్‌ను కంప్యూటర్ గుర్తుపట్టడం లేదంటే దాని యూఎస్‌బీ పోర్టు పోయినట్టే.

వాస్తవం: ముందు కేబుల్ మార్చండి. యూఎస్‌బీ 2.0 కేబుల్లో నాలుగు తీగలు ఉంటాయి. రెండు కరెంటుకు, రెండు డేటాకు. లైట్లతోనో, చవక పవర్‌బ్యాంకులతోనో వచ్చే కొన్ని కేబుళ్లలో డేటా తీగలు అసలు ఉండవు. దాంతో ఫోన్ చక్కగా చార్జ్ అవుతుంది కాబట్టి కేబుల్ మంచిదే అనుకుంటాం. కంప్యూటర్‌కు మాత్రం ప్రాసెసర్ ఉన్నట్టే తెలియదు. ఏ కేబుల్‌తో ఫోన్లోంచి ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించగలరో ఆ కేబుల్‌తో చూడండి. ప్రింటర్‌కు పెట్టే చదరపు మూతి కేబుల్ మీ ప్రాసెసర్‌కు సరిపోతే ప్రింటర్‌దే తీసి పెట్టి చూడవచ్చు. పొడవు 5 మీటర్లు దాటకూడదు. మధ్యలో హబ్ పెట్టకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి.

అపోహ: డిజిటల్ కాబట్టి డిస్టార్షన్ గీరుతున్నట్టే ఉంటుంది, నిజం గిటార్ ఆంప్లిఫయర్‌లా (ఆంప్) రాదు.

ఈ మాట నేను విన్నన్ని సార్లు ఇంకేదీ వినలేదు. అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను. ఆంప్ శబ్దాన్ని లెక్కలతో పుట్టించే పెట్టెలు కొత్తవేమీ కావు. రోలాండ్ వీజీ-8 1995లో వచ్చింది, లైన్ 6 పాడ్ 1998లో. ఆంప్‌ను కొలిచి దాని ప్రొఫైల్ తీసే కెంపర్ 2011 నుంచి ఉంది. ఆ గీరుడుకు డిజిటల్ కారణం కాదు. చాలాసార్లు క్యాబినెట్ (క్యాబ్) సెట్టింగ్, అంటే ఆంప్ స్పీకర్ పెట్టెను అనుకరించే సెట్టింగ్, కారణం.

గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటితే వేగంగా తగ్గిపోతుంది. డిస్టార్షన్‌లో పుట్టే పదునైన పై శబ్దాలన్నీ ఆ స్పీకర్ దగ్గరే ఆగిపోతాయి. మనం చిన్నప్పటి నుంచి వింటున్న ఎలక్ట్రిక్ గిటార్ శబ్దం అలా వడపోసి వచ్చినదే. స్టేజీ మీద సౌండ్ సర్వీస్ వాళ్లు పెట్టే పీఏ బాక్సులో హార్న్ ఉంటుంది, అది 15 కిలోహెర్ట్జ్ దాటి కూడా పలుకుతుంది. ప్రాసెసర్లో ఆంప్ మోడల్ ఆన్ చేసి, క్యాబ్ ఆఫ్ చేసి, నేరుగా మిక్సర్‌కు ఇస్తే ఆ పదునంతా జనం చెవుల్లోకి వెళుతుంది. కాబట్టి మిక్సర్‌కు ఇచ్చినా, హెడ్‌ఫోన్స్‌లో విన్నా, కంప్యూటర్లో రికార్డ్ చేసినా క్యాబ్ ఆన్‌లోనే ఉండాలి. దానికి తోడు కింద 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (దాని కింది శబ్దాలను తగ్గించేది), పైన 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య హై కట్ (దాని పై శబ్దాలను తగ్గించేది) పెట్టి చూడండి. కీబోర్డు, బేస్ గిటార్, తబలా మధ్యలో మీ గిటార్‌కు చోటు దొరుకుతుంది.

దీనికి రివర్సు కేసు కూడా ఉంది. రిహార్సల్ గదిలో నిజం గిటార్ ఆంప్ ఉంది, మీరు క్యాబ్ ఆన్‌లో ఉంచి దాని ముందు ఇన్‌పుట్‌కు గుచ్చారు. అప్పుడు క్యాబ్ రెండుసార్లు, ప్రీఆంప్ (సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) రెండుసార్లు పడి శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది. ఆంప్ వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ (ప్రీఆంప్‌ను దాటి లోపలికి ఇచ్చే ఇన్‌పుట్) ఉంటే అందులో ఇచ్చి, క్యాబ్ ఆఫ్ చేయండి. బాస్ జీటీ-1 లాంటి వాటిలో అవుట్‌పుట్ సెలెక్ట్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని కొన్నరోజు నుంచి ముట్టుకోనివాళ్లు ఎంతోమంది. మీది ఎక్కడికి వెళుతోందో దానికి చెప్పండి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాత్రి ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో చిన్న సౌండ్‌తో చేసుకున్న ప్యాచ్ (దాచుకున్న సౌండ్ సెట్టింగ్) స్టేజీ మీద గుమ్‌గుమ్‌మంటూ, చెవులు కోస్తూ వస్తే ప్రాసెసర్‌ను తిట్టకండి. చిన్న శబ్దంలో మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువ వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని 1933లోనే కొలిచి చూపించారు. ఇంట్లో ఆ లోటు పూడ్చడానికి మనం రెండూ పెంచేస్తాం, స్టేజీ మీద ఆ పెంపు బయటపడుతుంది. స్టేజీకి వాడే ప్యాచ్‌ను ఒక్కసారైనా స్టేజీ సౌండ్‌లో సరిచేసుకోవాలి. సౌండ్ చెక్‌కు అరగంట ముందు వెళ్తే చాలు.

అపోహ: హమ్ (ఆగకుండా గుయ్‌మనే శబ్దం) వస్తే ఎర్త్ పిన్ తీసేస్తే పోతుంది.

పోతుంది, నిజమే. ప్రాణం కూడా పోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరిచి పెట్టడం, ఎర్త్ తీగ పీకేయడం దయచేసి చేయకండి, పక్కవాళ్లను చేయనివ్వకండి. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా లోపల జాక్ గ్రౌండ్‌కే కలిసి ఉంటాయి. అంటే మీ చేతులు ఎప్పుడూ గ్రౌండ్‌ను పట్టుకునే ఉంటాయి. జనరేటర్ మీద నడిచే పందిట్లో ఆంప్‌కు ఎర్త్ లేకపోయినా, మైక్ ఉన్న మిక్సర్ వేరే చోట నుంచి కరెంటు తీసుకుంటున్నా, తీగల మీద చెయ్యి, మైక్ మీద పెదవి పెట్టిన మనిషి గుండా కరెంటు దారి వెతుక్కుంటుంది. బరంపురం ఠాకురాణి జాతర రోజుల్లో, చర్చి కూటాల్లో పాడుతూ వాయించేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మైక్ తగిలితే పెదవికి జిల్లుమందంటే "కొంచెమే కదా" అనుకోకండి. వాయించడం ఆపి, మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి తీగకూ మైక్ జాలీకీ మధ్య చూడమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. స్టేజీ బోర్డుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) వేయించడం టెంట్ ఖర్చు ముందు ఎంత?

మరి హమ్ ఎలా పోగొట్టాలి? అది ఎక్కడ పుడుతోందో ముందు కనుక్కోవాలి. గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. శబ్దం పోయిందంటే అది గిటార్ నుంచి వస్తోంది. సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను పట్టే ఒకే తీగచుట్ట) అయితే ఉన్నచోటే మెల్లగా పక్కకు తిరగండి. ఒక దిక్కులో తగ్గి ఇంకో దిక్కులో పెరిగితే ట్యూబులైటో, ట్రాన్స్‌ఫార్మరో దగ్గర్లో ఉన్నట్టు. దానికి పికప్ స్వభావమే కారణం, చెడిపోవడం కాదు.

వాల్యూమ్ సున్నాలో కూడా శబ్దం ఉంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకండి. వెంటనే ఆగిందా? అయితే కంప్యూటర్, ప్రాసెసర్, మిక్సర్ మధ్య గ్రౌండ్ లూప్ ఉంది. చార్జర్ ద్వారా ఒక ఎర్త్ దారి, మిక్సర్ ద్వారా ఇంకొకటి, రెండింటినీ యూఎస్‌బీ కేబుల్ కవచం, ఆడియో కేబుల్ కవచం కలిపేశాయి. అందులో తిరిగే కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపుల్లో గుయ్‌మంటుంది. మౌస్ కదిపినప్పుడు చీమ కూసినంత సన్నటి కీచు వస్తే అది కూడా ఆ కోవలోదే. అన్నింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. ప్రాసెసర్‌కు ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) అవుట్‌పుట్, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటే అవి వాడండి. ఆ స్విచ్ ఆడియో కేబుల్ గ్రౌండ్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు, అందుకే అది క్షేమం. అవి లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) ఒకటి కొనుక్కోండి. చవక యూఎస్‌బీ ఐసోలేటర్లు కొనేముందు వేగం అడగండి. చాలా వాటిలో 12 మెగాబిట్లే వెళతాయి. మీ ప్రాసెసర్‌కు 480 మెగాబిట్ల హై స్పీడ్ కావాలంటే అది పనిచేయదు.

అపోహ: వాయించిన తర్వాత శబ్దం ఆలస్యంగా వస్తోందంటే ల్యాప్‌టాప్ పాతది, కొత్తది కొనాలి.

కొనకండి. ముందు డ్రైవర్, బఫర్ చూడండి. కంప్యూటర్ శబ్దాన్ని కొంచెం కొంచెం పోగుచేసి పంపుతుంది, ఆ పోగు పేరే బఫర్. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 48,000 శాంపిళ్లు (శబ్దపు కొలతలు) తీస్తున్నప్పుడు, 128 శాంపిళ్ల బఫర్ అంటే ఒక వైపుకు 2.7 మిల్లీసెకన్లు. 1024 పెడితే 21 దాటుతుంది. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిపితే 40 పైనే. అది చేతికి తెలుస్తుంది. గాలిలో శబ్దం ఒక మీటరు నడవడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి 128 దగ్గర వచ్చే ఆలస్యం ఆంప్‌కు రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టే. ఎవరికీ ఇబ్బంది ఉండదు.

విండోస్‌లో మామూలు సౌండ్ దారిలో వెళితే బఫర్ అంత చిన్నది పెట్టుకోవడం కష్టం. అందుకే స్టెయిన్‌బెర్గ్ కంపెనీ తెచ్చిన ఏఎస్ఐఓ డ్రైవర్ కావాలి. మీ ప్రాసెసర్ కంపెనీ సొంత ఏఎస్ఐఓ డ్రైవర్ ఇస్తే అదే వేసుకోండి. లేనప్పుడే ఏఎస్ఐఓ4ఆల్. "అన్నా, పెట్టగానే సౌండ్ వచ్చింది, ఇంక డ్రైవర్ ఎందుకు?" అని కుర్రాళ్లు అడుగుతారు. విండోస్ 10లో 2017 నుంచి యూఎస్‌బీ ఆడియో 2.0కు సొంత డ్రైవర్ ఉంది, అందుకే పెట్టగానే పలుకుతుంది. వినడానికి అది చాలు. వాయిస్తూ రికార్డ్ చేయడానికి చాలదు. మ్యాక్‌లో ఈ గొడవ తక్కువ.

బఫర్ తగ్గిస్తే చిటపటలు వస్తున్నాయా? పవర్ సేవర్ తీసి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. రికార్డింగ్ అయ్యేదాకా వైఫై ఆపండి. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూపిస్తుంది. చాలాసార్లు వైఫై డ్రైవరే దొరుకుతుంది.

ఇక రికార్డింగ్ వింటే పాట శ్రుతి మారిపోయిందంటే శాంపిల్ రేటు తేడా. 44.1లో తీసిన దాన్ని 48లో వాయిస్తే దాదాపు ఒకటిన్నర సెమిటోను పైకి పోతుంది, 'ఈ' (E) తీగ మీద వాయించింది 'ఎఫ్' (F) దాటి వినిపిస్తుంది. ప్రాసెసర్, సాఫ్ట్‌వేర్, ప్రాజెక్టు మూడింటిలో ఒకే అంకె ఉండాలి.

అపోహ: శబ్దం రెండుసార్లు వస్తోంది, డిలే ఎఫెక్టు ఇరుక్కుపోయింది.

లేదు. ప్రాసెసర్ నుంచి నేరుగా ఒకసారి, కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి ఇంకోసారి వింటున్నారు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ బటన్ ఆపేయండి. అంతే.

అపోహ: హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ నుంచి మిక్సర్‌కు ఇస్తే సౌండ్ రాలేదు, అవుట్‌పుట్ కాలిపోయింది.

చవక ప్రాసెసర్లలో ఒకే సాకెట్ అవుట్‌పుట్‌గానూ హెడ్‌ఫోన్‌గానూ ఉంటుంది. అది స్టీరియో. దానికి రెండు నల్ల గీతలున్న జాక్ కేబుల్ పెట్టి మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు ఇస్తే, మిక్సర్ దాన్ని బ్యాలెన్స్‌డ్ సిగ్నల్ (ఒకే శబ్దాన్ని రెండు తీగల్లో, ఒకదాంట్లో తలకిందులుగా పంపేది) అనుకుని ఎడమ నుంచి కుడిని తీసేస్తుంది. గిటార్ రెండు వైపులా ఒకటే కాబట్టి మిగిలేది సున్నా. రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్టు) మాత్రం ఎక్కడో దూరంగా వినిపిస్తుంది, ఎందుకంటే అది రెండు వైపులా ఒకేలా ఉండదు. ఆ దూరపు రివర్బ్ విన్న వెంటనే ఈ కేబుల్ గుర్తుకు రావాలి. ఎడమ, కుడి విడదీసి రెండు జాక్‌లుగా ఇచ్చే వై కేబుల్ పెట్టి, ఒకటే వాడినా పనవుతుంది. మిక్సర్‌లో ఆ చానల్‌కు 48 వోల్టుల ఫాంటమ్ (మైక్‌లకు మిక్సర్ పంపే కరెంటు) ఆపి ఉంచండి.

అపోహ: ఎక్కువ ఆంపియర్ల అడాప్టర్ పెడితే ప్రాసెసర్ కాలిపోతుంది.

ఆంపియర్లు ఎక్కువైతే ఏమీ కాదు, పెట్టె తనకు కావలసినంతే లాగుతుంది. తక్కువైతేనే తెర మినుకుమినుకుమంటుంది, మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. కాల్చేవి వేరే మూడు: వోల్టులు తప్పు, ప్లస్ మైనస్ తారుమారు, ఏసీ డీసీ తేడా. బాస్, జూమ్ పెడల్స్‌లో ఎక్కువ వాటికి 9 వోల్టుల డీసీ, మధ్య పిన్ను మైనస్. అదే పాత పాడ్ 2.0కు 9 వోల్టుల ఏసీ అడాప్టర్ కావాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు అడాప్టర్ మీద రాసినది చదవకుండా గుచ్చకండి.

గిటార్‌ను నేరుగా ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో పెట్టడం గురించి కూడా అడుగుతుంటారు. గిటార్ పికప్‌కు ఎదురుగా దాదాపు 1 మెగాఓమ్ ఉండాలి. మైక్ ఇన్‌పుట్‌లో దానికంటే ఎంతో తక్కువ ఉంటుంది, ట్రెబుల్ అంతా అక్కడే చచ్చిపోతుంది. మీ ప్రాసెసర్‌కు యూఎస్‌బీ ఉంటే అదే మీ సౌండ్ కార్డు. ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఫోన్లలో కూడా ఓటీజీతో యూఎస్‌బీ ఆడియో వాడుకునే వీలు ఉంది, కానీ మీ ఫోన్‌తో పనిచేస్తుందో లేదో ఆదివారం ఆరాధన లైవ్‌కు ముందే, శనివారమే చూసుకోండి.

ఫర్మ్‌వేర్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలనుకుంటే ముందు ప్యాచ్‌లన్నీ కంప్యూటర్‌లో దాచుకోండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉండాలి, ప్రాసెసర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టండి, కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకండి. అప్‌డేట్ సగంలో ఆగితే చాలా మోడళ్లలో కొన్ని బటన్లు కలిపి నొక్కి ఆన్ చేస్తే మళ్లీ ఎక్కించుకునే దారి ఉంటుంది, మాన్యువల్లో చూడండి.

ఇవన్నీ చేశాక కూడా పలకకపోతే అప్పుడు తీసుకురండి. వచ్చేటప్పుడు ప్రాసెసర్ ఒక్కటే తేకండి. ఇంట్లో వాడే యూఎస్‌బీ కేబుల్, గిటార్ కేబుల్, అడాప్టర్, వీలైతే ల్యాప్‌టాప్, దాని చార్జర్ కూడా తీసుకురండి.