తినకముందు నీళ్లు, తిన్నాక సబ్బు

మధ్యాహ్నం ఒంటిగంటకి అమీర్‌పేటలో ఏ మెస్‌లోనైనా చేతులు కడుక్కునే చోట కాసేపు నిలబడి చూడండి. భోజనానికి ముందు వచ్చేవాళ్లు కుళాయి తిప్పి కుడిచేతి వేళ్లు తడుపుకుని వెళ్లిపోతారు. భోంచేసి వచ్చినవాళ్లు మాత్రం నీళ్లు కలిపి పలచన చేసిన ఆ ఆకుపచ్చ లిక్విడ్ సబ్బునే నాలుగుసార్లు నొక్కి, జిడ్డు వదిలేదాకా రుద్దుతారు. పక్కన మేకుకి గుచ్చిన పేపర్ ముక్క చింపి తుడుచుకుంటారు. కంటికి కనిపించే జిడ్డు మీదున్న పట్టుదల, మెట్రోలో కడ్డీ పట్టుకుని వచ్చిన చేతి మీద ఉండదు.

ఫ్లూ వైరస్ స్టీలు, ప్లాస్టిక్ లాంటి నున్నటి వాటి మీద 24 నుంచి 48 గంటల దాకా, బట్ట మీదా కాగితం మీదా 8 నుంచి 12 గంటల దాకా బతకగలదని 1982లోనే ప్రయోగం చేసి చూశారు. చేతి మీద బతికేది కొద్ది నిమిషాలే. కానీ మనకి ఆ కొద్ది నిమిషాలే ఎక్కువ. 2015లో ఆస్ట్రేలియాలో వైద్య విద్యార్థుల్ని వీడియో తీసి లెక్కపెడితే, సగటున గంటకి 23 సార్లు ముఖం ముట్టుకున్నారు. అందులో 44 శాతం కళ్లు, ముక్కు, నోరే. డాక్టరు చదువు చదివేవాళ్ల సంగతే అది.

ఫ్లూ, కరోనా వైరస్‌లకి పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు అణువుకి ఒక కొస కొవ్వును, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. అలా ఆ పొరలోకి దూరి దాన్ని చీల్చేస్తుంది. అందుకే బొటనవేలు, వేళ్ల సందులు వదలకుండా రెండు చేతులూ 20 సెకన్లు రుద్దమంటారు. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్‌కి ఈ కొవ్వు పొర లేదు. శానిటైజర్ దాని మీద అంతగా పనిచేయదు, రుద్ది కడిగి వదిలించుకోవాల్సిందే. బ్యాగులో సీసా ఉంది కదా అని కుళాయి దగ్గరికి వెళ్లడం మానేయకూడదు.

ఇక అమ్మల కొంగు. పిల్లాడి ముక్కు చీది దానికే తుడుస్తాం, తుమ్మొస్తే అదే అడ్డం పెట్టుకుంటాం, కంచం తడిగా ఉంటే దాంతోనే ఒత్తేస్తాం. మగవాళ్ల జేబురుమాలూ తక్కువది కాదు. తుమ్మొస్తే మోచేతి వంపు అడ్డం పెట్టుకోవడమే మేలు, మోచేత్తో ఎవరూ అన్నం కలపరు కదా. ఫ్లూ ఉన్నవాళ్లు లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే అంటించగలరు, మొదటి మూడు నాలుగు రోజుల్లో మరీ ఎక్కువ. యూనిట్ టెస్టని పిల్లాడికి సిరప్ పట్టించి బడికి పంపేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మాస్కు కూడా ముందు జబ్బున్నవాళ్ల ముఖానికే ఉండాలి, గడ్డం కింద కాదు.

ఇంత చేసినా గాలి సంగతి మిగిలే ఉంటుంది, నా దృష్టిలో అసలు గండం అక్కడే. దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు వచ్చే పెద్ద తుంపరలు ఒకటి రెండు మీటర్లలో కింద పడతాయి. సన్నవి గాలిలో గంటల తరబడి తేలుతుంటాయి. తట్టు వచ్చినవాళ్లు గదిలోంచి వెళ్లిపోయాక కూడా ఆ వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు. కరోనా కాలంలో మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆసుపత్రుల గాలి నమూనాలు పట్టి చూస్తే, గదిలో రోగులు పెరిగేకొద్దీ గాలిలో వైరస్ దొరికే అవకాశం కూడా పెరిగింది.

ఇక్కడా మనం కంటినీ ఒంటినీ నమ్ముకుని మోసపోతాం. దుమ్ము కనిపిస్తుంది కాబట్టి కిటికీ మూసేస్తాం. చల్లగా ఉంది కాబట్టి గాలి మంచిదే అనుకుంటాం. గోడకి బిగించిన స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్నదాన్నే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. తలుపులు బిగించిన కోచింగ్ క్లాసులో నలభై మంది రెండు గంటలు కూర్చుంటే ఒకరు వదిలిన ఊపిరే మరొకరు పీలుస్తుంటారు. కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు పెడితే ఈ సంగతి తెలిసిపోతుంది. బయట 420 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) చుట్టుపక్కల ఉండే అంకె, అలాంటి గదిలో వెయ్యి ఎప్పుడో దాటేస్తుంది. అంకె ఎక్కువైతే వైరస్ ఉందని కాదు, గాలి మారడం లేదని.

ఏసీ ఆపక్కర్లేదు. క్లాసుకీ క్లాసుకీ మధ్య పది నిమిషాలు ఎదురెదురు కిటికీ, తలుపు తెరిచినా చాలా తేడా ఉంటుంది. ఒకే కిటికీ ఉన్న హాస్టల్ గదైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి తలుపు ఓరగా తీసి ఉంచండి. హైదరాబాద్‌లో సాయంత్రం కిటికీ తీస్తే దోమలు వస్తాయంటారు, నిజమే. మెష్ కొట్టించుకోండి, గాలి కొంచెం తగ్గినా వస్తుంది.