చెవిలో వినిపించే నాడి

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

దిండు మీద తల పెట్టగానే ఒక చెవిలో ధుప్ ధుప్‌మని చప్పుడు వస్తోందని మీ అక్క ఫోన్‌లో చెప్పింది. మిగతావాళ్లకూ తెలిసి ఉండాలని అందరికీ కలిపి రాస్తున్నాను.

చెవిలో గుయ్‌మనే మామూలు మోత వేరు, ఇది వేరు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని వినండి. చప్పుడూ నాడీ కలిసి నడుస్తుంటే అది రక్తప్రవాహానికి సంబంధించినది కావచ్చు. మెదడుకు రక్తం మోసే పెద్ద ధమని లోపలి చెవి పక్కనే, ఎముకలోని దారి గుండా వెళుతుంది. మెదడు నుంచి కిందికి దిగే పెద్ద సిర కూడా అక్కడికి దగ్గరే.

అందుకే ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. రక్తహీనత, బీపీ, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, తల లోపల ద్రవం ఒత్తిడి పెరగడం, రక్తనాళంలో తేడా, వీటిలో ఏది ఉన్నా ఈ చప్పుడు రావచ్చు. మన ఆడపిల్లల్లో రక్తం తక్కువ ఉండటం ఎంత మామూలో మీకు తెలుసు, ఆ పరీక్ష వదలొద్దు. చప్పుడు హఠాత్తుగా మొదలైనా, తీవ్రమైన తలనొప్పి గానీ చూపు మసకబారడం గానీ తోడైనా ఆ రోజే వెళ్లండి. స్కాన్ రాస్తే తీయించుకోండి. మెడ వ్యాయామాలతో ఈ జబ్బులేవీ నయం కావు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

పరీక్షలన్నీ చేసి భయం లేదన్నాక మెడ, దవడ సంగతి చూడాలి. అక్కడి నుంచి వెళ్లే నరాలకూ, మెదడులో వినికిడి కబురు మొదట చేరే చోటుకూ సంబంధం ఉంది. పళ్లు ఒక్కసారి గట్టిగా బిగించి చూడండి. తర్వాత నుదుటికి అరచెయ్యి ఆనించి తలతో మెల్లగా తోయండి. చప్పుడు పెరిగినా తగ్గినా కండరాల పాత్ర ఉందనడానికి అదొక గుర్తు. మెడ మీద నాడి కొట్టుకునే చోట మాత్రం నొక్కకండి.

మన తల బరువు సుమారు 5 కిలోలు. ఫోన్ చూస్తూ తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద భారం దాదాపు 27 కిలోలవుతుందని న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో కంప్యూటర్ నమూనాతో లెక్కకట్టారు. అంత భారాన్ని గంటల తరబడి మోస్తే మెడ కండరాలు బిగుసుకోవా మరి! ఫోన్‌ను కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. గోడకు వీపు ఆనించి, పైకీ కిందికీ చూడకుండా గడ్డాన్ని కాస్త వెనక్కి లాగి, అయిదు లెక్కపెట్టి వదలండి. నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆపేయండి.

దవడ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఊరికే ఉన్నప్పుడు పై పళ్లు, కింది పళ్లు తగలకూడదు. పెదాలు మూసి ఉండాలి, పళ్ల మధ్య సందు ఉండాలి, నాలుక అంగిలికి ఆనాలి. ఇప్పుడు చదువుతూనే చూసుకోండి, మీలో సగం మంది పళ్లు కరుచుకునే ఉంటారు. పరీక్షల రోజుల్లో ఇది మరీ ఎక్కువ. భుజాలూ చెవుల వైపు లేచిపోతుంటాయి, గుర్తొచ్చినప్పుడల్లా దించుకోండి.

వీటితో కొందరికి చప్పుడు బాగా తగ్గుతుంది, కొందరికి కొద్దిగానే. వారాలు పట్టొచ్చు. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు, తల ఎటు తిప్పితే చప్పుడు మారుతోందో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.

మీ అమ్మమ్మ