దెబ్బ ఎంత, గాయం ఎంత

గడప దాటబోయి జారిన రెండేళ్ల పాపకు తొడ ఎముక విరిగిందనుకుందాం. అదే రోజు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి బస్తా రొమ్ము మీద పడిన హమాలీ ఒకాయన లేచి, దుమ్ము దులుపుకుని, నీళ్లు తాగి కూర్చున్నాడనుకుందాం. పాపకు కట్టు కడితే సరిపోతుందని, హమాలీకి ఏమీ కాలేదని చుట్టూ ఉన్నవాళ్లు అనుకుంటారు. అనుభవమున్న డాక్టర్‌కు మాత్రం ఇద్దరి విషయంలోనూ మనసు కుదుటపడదు. తగిలిన దెబ్బకూ అయిన గాయానికీ లెక్క కుదరడం లేదు. పాపకు తగిలిన దెబ్బ చిన్నది, గాయం పెద్దది. హమాలీకి తగిలిన దెబ్బ పెద్దది, గాయం ఎక్కడా కనిపించడం లేదు. అరుదైన ఎముకల జబ్బును పట్టించేదీ, ఛాతీ గాయంలో ప్రాణం నిలిపేదీ చాలాసార్లు ఈ కుదరని లెక్కే. స్కానింగులన్నీ ఆ తర్వాతే.

ముందు పాప సంగతి. మన వైపు ఎముకను బొక్క అంటాం. పిల్ల బొక్కల్లో బలం లేదని పెద్దవాళ్లు అంటారు, కాల్షియం సిరప్ తెస్తారు. కానీ ఎముక అంటే ఒక్క కాల్షియమే కాదు. దాని లోపల కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి మోకులాగా మూడు పోగులు పేనుకుని ఉంటుంది. కాల్షియం, ఫాస్ఫేటు ఆ మోకుల మీద పేరుకుని గట్టిపడతాయి. పుట్టుకతోనే జన్యువులో తేడా ఉండి ఒక పోగు తప్పుగా తయారైతే మోకంతా బలహీనమే, దాని మీద ఎంత కాల్షియం పేర్చినా నిలవదు. ఈ జబ్బు పేరు ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా. సుమారు 15 నుంచి 20 వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి మొదట కావలసింది చూసే కన్ను. చాలామంది పిల్లల్లో కంటి తెల్లగుడ్డు నీలంగా కనిపిస్తుంది. ఆ పొర పలచబడి, వెనకున్న రక్తనాళాల రంగు బయటికి తెలుస్తుంది. కొందరిలో పళ్లు గోధుమరంగులో, గాజులా ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే చెవుడు వచ్చిందా, తరచూ ఎముకలు విరిగాయా అని అడగాలి. ఎక్స్‌రేలో చాలాసార్లు ఎముకలు సన్నగా, వంగి ఉంటాయి. ఆ తర్వాత రక్తంతో జన్యు పరీక్ష చేసి ఖాయం చేసుకుంటారు.

ఒక బాధ ఇక్కడ చెప్పాలి. పిల్లకు మాటిమాటికీ ఎముకలు విరుగుతుంటే తల్లిదండ్రులు కొడుతున్నారేమో అన్న అనుమానం వస్తుంది. డాక్టర్ అడగక తప్పదు, పిల్లల రక్షణ కోసం అడగాలి కూడా. కానీ ఆ ప్రశ్నను వార్డులో నలుగురి ముందు వేస్తే, ఆ తల్లి మళ్లీ ఆ ఆసుపత్రి మెట్లెక్కదు. పసరు కట్టు వేసేవాళ్ల దగ్గరికి పోతుంది. బిగించిన కట్టు కింద రక్తం ఆడక చెయ్యీ కాలూ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

వైద్యం ఉంది. మన శరీరంలో ఎముకను ఎప్పటికప్పుడు తినేసే కణాలుంటాయి, వాటి వెనకే కొత్త ఎముకను కట్టే కణాలూ ఉంటాయి. పామిడ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందులను సెలైన్‌లో ఎక్కిస్తే తినే కణాలు నెమ్మదిస్తాయి, ఎముక మందమవుతుంది. అవి కొల్లాజెన్‌ను బాగుచేయవు, విరగడాన్ని తగ్గిస్తాయి. వంగిన కాలి ఎముకను రెండు మూడు చోట్ల కోసి, నిటారు చేసి, లోపల రాడ్ వేస్తారు. పిల్ల ఎదిగే కొద్దీ తనూ పొడుగయ్యే రాడ్లు వచ్చాయి. పిండికట్టును మాత్రం అవసరానికి మించి ఉంచకూడదు. కదలిక లేని ఎముక ఇంకా పలచబడుతుంది, కట్టు విప్పిన కొద్ది రోజులకే మళ్లీ విరగవచ్చు.

దొడ్డికాళ్ల పిల్లలకు విటమిన్ డి ఎన్నిసార్లు ఇచ్చినా కాళ్లు సరికాకపోతే రక్తంలో ఫాస్ఫేటు చూడాలి. మూత్రంలో ఫాస్ఫేటు కారిపోయే పుట్టుక జబ్బు ఒకటుంది. రిపోర్టులో మోసపోయే చోటు ఏమిటంటే, పిల్లలకు ఉండాల్సిన ఫాస్ఫేటు పెద్దవాళ్లకంటే ఎక్కువ. ల్యాబ్ పక్కన అచ్చేసే హద్దులు చాలాసార్లు పెద్దవాళ్లవి. అంకె నార్మల్‌గా కనిపిస్తుంది, జబ్బు దాటిపోతుంది.

ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టాకు తిరగబడ్డ జబ్బు ఆస్టియోపెట్రోసిస్. ఇందులో ఎముకను తినే కణాలే పనిచేయవు. ఎక్స్‌రేలో ఎముక పాలరాయిలా తెల్లగా మెరుస్తుంది. అంత దట్టంగా ఉన్నా సుద్దముక్కలా పుటుక్కున విరుగుతుంది. మూలుగకు చోటు చాలక రక్తం తగ్గుతుంది, కడుపులో ప్లీహం పెరుగుతుంది, పుర్రెలో నరాల దారులు ఇరుకై చూపు పోతుంది. తీవ్రమైన రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు చేరితేనే వస్తుంది. మేనరికాలు ఉన్న ఇళ్లలో ఆ అవకాశం ఎక్కువ. మేనమామ, మేనకోడళ్ల జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడివి. జబ్బు పిల్ల పుట్టిన ఇంట్లో ప్రతి కాన్పుకూ 25 శాతం భయం ఉంటుంది. ఎముకను తినే కణాలు రక్తపు మూలకణాల నుంచే పుడతాయి కాబట్టి, చాలా రకాల్లో మూలుగ మార్పిడితో జబ్బు నయమవుతుంది. అయితే చూపు పోకముందే, మొదటి నెలల్లోనే చేయాలి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బు ఒక్కసారి చేసే చికిత్సతో నయమయ్యే జబ్బుల మొదటి గ్రూపులో ఉంది, సాయం 50 లక్షల దాకా ఇస్తారు. ఆ విధానం కింద మనకు దగ్గరి కేంద్రం హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ, నిమ్స్ ఆసుపత్రి. పాలిపోయి, కడుపు ఉబ్బి, చూపు నిలపని పసిబిడ్డను ఆరు నెలలు రక్తహీనత మందులతో నడిపిస్తే ఆ తలుపు మూసుకుపోయినట్టే.

ఎముకల జబ్బుకు నెలల గడువైనా ఉంటుంది. హమాలీకి ఉన్నది నిమిషాలు.

ఛాతీ కొలిమి తిత్తిలాంటిది. తోలు చెక్కుచెదరకున్నా లోపల గాలి దారితప్పితే తిత్తి పనిచేయదు. విరిగిన పక్కటెముక మొన ఊపిరితిత్తికి గుచ్చుకుంటే, పీల్చిన ప్రతిసారీ గాలి దాని బయటికి వచ్చి రొమ్ముగూటిలో చిక్కుకుంటుంది. లోపలికి వస్తుంది గానీ తిరిగి పోదు. ఒత్తిడి పెరిగి గుండెను అవతలి పక్కకు నెడుతుంది, గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరలు నొక్కుకుపోతాయి, బీపీ పడిపోతుంది. డాక్టర్లు దీన్ని టెన్షన్ న్యూమోథొరాక్స్ అంటారు. ఇక్కడ టెన్షన్ అంటే ఆ గాలి ఒత్తిడే. ఎక్స్‌రే కోసం ఆగితే మనిషి దక్కడు. ఒక పక్క ఊపిరి శబ్దం వినిపించకపోవడం, వేలితో తడితే డొల్లగా మోగడం, బీపీ పడిపోవడం, ఇంతే చాలు. లావు సూది గుచ్చి గాలి వదలాలి. తడితే మొద్దుగా పలికితే లోపల ఉన్నది రక్తం. దాన్ని తీయడానికి రొమ్ములోకి ట్యూబు వేయగానే 1500 మిల్లీలీటర్లు వచ్చిందంటే ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాల్సిన పరిస్థితి. ఏదీ గుచ్చుకోకుండా బరువు పడో, గుద్దుకునో ఛాతీకి దెబ్బ తగిలినవాళ్లలో పదిమందికి తొమ్మిది మందికి ఆ అవసరం రాదు. ట్యూబూ, నొప్పి మందూ సరిపోతాయి.

వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి వార్డులో మంచం కింద నీళ్ల సీసా, అందులోకి రోగి పక్కలోంచి వచ్చిన ట్యూబు మీరు చూసే ఉంటారు. ట్యూబు కొస నీటిలో రెండు సెంటీమీటర్లు మునిగి ఉంటుంది. గాలి బుడగలై బయటికి పోతుంది, నీరు అడ్డం ఉంది కాబట్టి వెనక్కి రాదు. విద్యుత్తు అక్కర్లేదు. తోడు ఉన్నవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. సీసా ఎప్పుడూ రొమ్ము కంటే కిందే ఉండాలి, పైకెత్తితే నీళ్లు లోపలికి పోతాయి. బుడగలు వస్తున్న ట్యూబును ఎవరూ మడిచి పట్టుకోకూడదు.

పిల్లల విషయంలో లెక్క ఇంకా తప్పుతుంది. వాళ్ల పక్కటెముకలు పచ్చి వెదురు బద్దలు. ట్రాక్టర్ చక్రం తాకినా వంగి మళ్లీ లేస్తాయి, ఎక్స్‌రేలో చాలాసార్లు ఒక్కటీ విరిగి ఉండదు. కింద ఊపిరితిత్తి మాత్రం నలిగిపోయి ఉండవచ్చు. ఆ నలుగుడు మొదటి గంటలో తెలియదు, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అందుకే ‘ఫ్రాక్చర్ లేదు’ అన్న మాట విని ఆ రాత్రే ఇంటికి తీసుకుపోవద్దు.

ముసలివాళ్లవి ఎండిన బద్దలు. మా పెదనాన్న పొలం గట్టు మీద జారి మూడు పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. ఊళ్లో ఎవరో రొమ్ము చుట్టూ గుడ్డతో బిగించి కట్టారు, ప్రాణం సుఖంగా ఉందన్నాడు. మూడో రోజుకు జ్వరం, ఆయాసం. బిగించిన గుడ్డ వల్ల ఊపిరి నిండా పీల్చలేదు, నొప్పికి దగ్గలేదు, కఫం నిలిచి న్యుమోనియా అయ్యింది. వరంగల్‌లో డాక్టర్ మొదట ఆ గుడ్డ కోయించి, నరానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, మూడు బంతుల గొట్టం చేతికిచ్చి పీల్చమన్నారు. నొప్పి తగ్గితేనే మనిషి దగ్గుతాడు, దగ్గితేనే ఊపిరితిత్తి తేరుకుంటుంది. పక్కటెముకలకు కట్టు కట్టొద్దని అప్పటి నుంచి కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాను.

గడప దగ్గర జారిన ఆ పాపకు కూడా చివరికి గండం రొమ్ము దగ్గరే. ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా ముదిరినవాళ్లలో ప్రాణం తీసేది ఎక్కువగా ఊపిరితిత్తుల జబ్బే. వెన్ను వంకరై రొమ్ముగూడు కుదించుకుపోతుంది, ఊపిరితిత్తి కట్టడంలోనూ ఆ కొల్లాజెనే ఉంది. అలాంటి పిల్లలకు ఊపిరి పరీక్ష అప్పుడప్పుడూ చేయించాలి, ఫ్లూ, న్యుమోనియా టీకాలు తప్పకూడదు. జబ్బు పేరు, ఇస్తున్న మందులు, ఇదివరకు విరిగిన ఎముకలు రాసిన కాగితం ఒకటి బడి సంచిలో, ఒకటి ఇంట్లో ఉంచాలి. జబ్బు తీవ్రంగా ఉంటే బీపీ పట్టీ బిగించినా చెయ్యి విరగవచ్చు. అందుకని ఆ మాట కాగితంలో అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో రాయండి.