టేబుల్ టాపిక్స్‌లో ఆశుప్రసంగం: అపోహలు - వాస్తవాలు

టోస్ట్‌మాస్టర్స్ అనే ప్రసంగ సాధన క్లబ్బుల సమావేశాల్లో, సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగాలతో పాటు టేబుల్ టాపిక్స్ అనే భాగం ఉంటుంది. నిర్వాహకులు ఒక ప్రశ్న అడిగి ఒకరిని పిలుస్తారు. వచ్చినవారు అప్పటికప్పుడు ఒకటి నుంచి రెండు నిమిషాల పాటు మాట్లాడాలి. ఈ భాగాన్ని తరచూ నిర్వహించే నేను గమనించినంతలో, కొత్త సభ్యులను వెనక్కి లాగేది ప్రశ్నల కష్టం కన్నా దీని గురించి వారు ముందే ఏర్పరచుకున్న నమ్మకాలే.

అపోహ: ఆశువుగా మాట్లాడడం పుట్టుకతో రావలసిన ప్రతిభ.

వాస్తవం: ఇది ప్రధానంగా ఎంపికకు సంబంధించిన నైపుణ్యం, అది సాధనతోనే పదునెక్కుతుంది. "మీ జీవితాన్ని మార్చిన నిర్ణయం ఏది?" అని అడిగినప్పుడు చాలామంది చెప్పడానికేమీ లేక తడబడరు, నాలుగైదు సంగతులు ఒకేసారి గుర్తుకొచ్చి, వాటిలో దేన్నీ వదులుకోలేక తడబడతారు. ఇంతకన్నా మంచిది దొరుకుతుందేమోనని వెతకకుండా ఒకదాన్ని పట్టుకుని తక్కినవి వదిలేయగలిగితే సగం పని అయిపోయినట్టే. ఉద్యోగం మానేసి మళ్లీ చదువుకోవాలన్న నిర్ణయాన్ని ఎంచుకున్నారనుకుందాం: అప్పటి పరిస్థితి ఏమిటో, ఏం చేశారో, తర్వాత ఏం మారిందో చెప్పేసరికి సమయం నిండిపోతుంది. అభిప్రాయం అడిగే ప్రశ్నకైతే ముందు అభిప్రాయం, ఆపైన కారణం, దానికి ఒక ఉదాహరణ సరిపోతాయి. ఈ రెండు వరుసలు అలవాటైనవారు ఊహించని ప్రశ్న ఎదురైనా ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనవసరం లేదు.

అపోహ: పిలిచిన వెంటనే మాట్లాడకపోతే తెలియదనుకుంటారు.

వాస్తవం: కుర్చీలోంచి లేచి ముందుకు నడిచే సమయమంతా ఆలోచనకు దొరికేదే. వక్త మాటతోనో సైగతోనో సభను పలకరించినప్పుడే టైమర్ లెక్క మొదలవుతుంది. మధ్యలో ఆగడమూ తప్పు కాదు. వక్తకు చాలా దీర్ఘంగా తోచే మౌనం శ్రోతలకు ఒక చిన్న విరామం మాత్రమే. దాన్ని "ఆ...", "అంటే..." అంటూ నింపితేనే ఆ ఊతపదాలను లెక్కపెట్టే సభ్యుడి కాగితంలో గీతలు పెరుగుతాయి.

అపోహ: సమయం ముగిసిందని తెలిపే ఎర్ర దీపం వెలిగేదాకా మాట్లాడితేనే పూర్తి ప్రసంగం.

వాస్తవం: సాధారణంగా ఒక నిమిషానికి పచ్చ దీపం, ఒకటిన్నర నిమిషానికి పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు వెలుగుతాయి. పచ్చ దీపం వెలిగాక ఎప్పుడు ముగించినా ఆ ప్రసంగం నిడివికి లోటు లేదు. పసుపు వెలిగాక కొత్త విషయం ఎత్తుకోకుండా ముగింపు వాక్యం వైపు నడవాలి. పోటీల్లోనైతే నిమిషానికి తగ్గినా, రెండున్నర నిమిషాలు దాటినా అనర్హులవుతారు.

అపోహ: ప్రశ్న ఎంత విచిత్రంగా ఉంటే సభ అంత రక్తి కడుతుంది.

వాస్తవం: ఇది నిర్వాహకుల్లో కనిపించే అపోహ, నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ప్రత్యేక పరిజ్ఞానం ఉంటే తప్ప జవాబివ్వలేని ప్రశ్న కొత్తవారిని మళ్లీ చెయ్యెత్తకుండా చేస్తుంది. ప్రశ్న ఒక్క వాక్యంలో, ఎవరైనా సొంత అనుభవంతో అందుకోగలిగేలా ఉండాలి. ముందు ప్రశ్న చదివి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే పేరు పిలవాలి. అప్పుడు పిలుపు రానివారు కూడా తమలో తాము జవాబు కూర్చుకుంటారు.