గెలుపులు ఎక్కువ, పతాకం పక్కింటికి

2021లో జపాన్ సెంట్రల్ లీగ్ ముగిసేసరికి హన్షిన్ టైగర్స్ 77 మ్యాచ్‌లు గెలిచింది. యాకుల్ట్ స్వాలోస్ గెలిచినవి 73. టైటిల్ మాత్రం యాకుల్ట్‌కే వెళ్లింది. అచ్చు తప్పు కాదు, లెక్కే అంత.

జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో పాయింట్లు ఉండవు. గెలుపులను, గెలుపు ఓటముల మొత్తంతో భాగిస్తారు. ఎవరి శాతం ఎక్కువైతే వారిదే పెన్నంట్, అంటే లీగ్ విజేత పతాకం. టై అయిన ఆట ఈ లెక్కలోకి రాదు, అసలు ఆడనట్టే. ఆ ఏడాది హన్షిన్ 56 ఓడి 10 టై చేసుకుంది, శాతం .579. యాకుల్ట్ 52 ఓడి 18 టై చేసుకుంది, శాతం .584. గెలవలేని రోజున ఓడకుండా బయటపడటం ఎంత విలువైనదో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

ఐపీఎల్‌లో స్కోర్లు సమమైతే సూపర్ ఓవర్ వేసి తేల్చేస్తారు. అమెరికా బేస్‌బాల్‌లో తేలేదాకా ఆడతారు. బేస్‌బాల్ ఆట మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లు, ఒక్కోదానిలో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తాయి; సమమైతే అదనపు ఇన్నింగ్స్. జపాన్‌లో 12వ ఇన్నింగ్స్ దాటితే చాలించి ఇంటికెళ్లమంటారు. దీనికి ఎప్పుడూ వినిపించే కారణం ఆఖరి రైలు. ప్రేక్షకులు రైళ్లలో వస్తారు, రైళ్లలోనే పోవాలి. హన్షిన్, సెయిబు, ఒకప్పటి కింతెత్సు, హన్క్యూ, నన్కాయ్ అన్నీ రైల్వే కంపెనీల పేర్లే. జట్టూ వారిదే, రైలూ వారిదే! కాలాన్ని బట్టి ఆ గీతనూ జరుపుతూ వచ్చారు. 2011 భూకంపం తర్వాత కరెంటు పొదుపు కోసం మూడున్నర గంటలు దాటితే కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టవద్దన్నారు. కోవిడ్ వల్ల 2021లో అసలు అదనపు ఇన్నింగ్సే లేవు. యాకుల్ట్‌కు 18 టైలు వచ్చింది అందుకే.

ఇది కొత్త గొడవేమీ కాదు. 1982లో చునిచి డ్రాగన్స్ 64 గెలుపులతో, 66 గెలిచిన యోమియురి జెయింట్స్‌ను దాటేసింది. చునిచి ఖాతాలో 19 టైలున్నాయి మరి. ఆఖరి మ్యాచ్‌లో ఓడితే పతాకం జెయింట్స్‌ది. ఆ రోజు ప్రత్యర్థి తైయో జట్టుకు వేరే చింత ఉంది. తమ నగసాకి కెయిజి బ్యాటింగ్ టైటిల్ (సీజన్‌లో అత్యధిక సగటుకు దక్కేది) కాపాడాలని, అతనితో పోటీలో ఉన్న చునిచి ఆటగాడు తావో యసుషికి వచ్చిన ఐదుసార్లూ కావాలనే వాక్ ఇచ్చారు. ఉట్టి పుణ్యానికి మనిషిని బేస్ మీదికి పంపడమన్నమాట. చునిచి 8-0తో గెలిచింది.

కానీ టై అనగానే జపాన్ అభిమానులకు గుర్తొచ్చేది 1988 అక్టోబర్ 19. నెల, తేదీ కలిపి '10.19' అంటే చాలు, అర్థమైపోతుంది. జపాన్‌లోని రెండో లీగ్ అయిన పసిఫిక్ లీగ్‌లో సెయిబు లయన్స్ తన 130 మ్యాచ్‌లూ ముగించి 73 గెలుపులు, 51 ఓటములు, 6 టైలతో కూర్చుంది. కింతెత్సు బఫలోస్‌కు కవసాకిలో లోట్టే ఓరియన్స్‌తో ఒకే రోజు రెండు ఆటలు మిగిలాయి. రెండూ గెలవాలి. ఒక్క టై వచ్చినా అంతే సంగతులు. మామూలు రోజుల్లో వెలవెలబోయే కవసాకి స్టేడియం ఆ రోజు కిటకిటలాడింది.

మొదటి ఆట మధ్యాహ్నం మూడింటికి. డబుల్ హెడర్‌లో, అంటే ఒకే రోజు రెండు ఆటలున్నప్పుడు, మొదటి ఆటకు అదనపు ఇన్నింగ్స్ లేవు కాబట్టి తొమ్మిదిలోనే తేలాలి. స్కోరు 3-3, కింతెత్సుకు ఇద్దరు అవుట్, మూడో వాడు అవుటైతే బ్యాటింగ్ ముగిసినట్టే. అప్పుడు ఆ సీజన్‌తో రిటైరవుతున్న నషిదా మసతకా పించ్ హిట్టర్‌గా, అంటే మరొకరి బదులు బ్యాట్ పట్టి, వచ్చి రన్ తెచ్చిపెట్టాడు. 4-3.

రెండో ఆట 6:44కు మొదలైంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రాల్ఫ్ బ్రయంట్ హోమ్ రన్‌తో కింతెత్సు 4-3 ఆధిక్యంలోకి వచ్చింది. అదే ఇన్నింగ్స్‌లో లోట్టే ఆటగాడు తకజావా, కింతెత్సు పిచ్చర్ అవానో వేసిన బంతిని స్టాండ్స్‌లోకి కొట్టి సమం చేశాడు. నాలుగు గంటలు దాటితే కొత్త ఇన్నింగ్స్ లేదన్నది అప్పటి నిబంధన. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో లోట్టే మేనేజర్ అరితో మిచియో రెండో బేస్ దగ్గరి నిర్ణయంపై అంపైర్లతో తొమ్మిది నిమిషాలు వాదించాడు. గడియారం ఆగదు కదా. కింతెత్సు అభిమానులు ఈనాటికీ ఆ తొమ్మిది నిమిషాలను క్షమించలేదు. అయినా మేనేజర్‌గా వాదించడం ఆయన హక్కే, తప్పల్లా గడియారాన్ని ఆపని నిబంధనదే అని నా అభిప్రాయం.

పదో ఇన్నింగ్స్‌లో కింతెత్సు బ్యాటింగ్ డబుల్ ప్లేతో, అంటే ఒకే బంతికి ఇద్దరు అవుటై, ముగిసింది. పదకొండోదానికి ఇక వేళ లేదు. అయినా లోట్టే వంతు ఆడాలి కాబట్టి, గెలిచే దారి మూసుకుపోయాక కూడా కింతెత్సు ఆటగాళ్లు గ్లవ్స్ తొడుక్కుని ఫీల్డింగ్‌కు వెళ్లారు. రాత్రి 10:56కు ఆట 4-4తో ముగిసింది. ఆసాహి టీవీ వార్తల వేళను కూడా ఆటకే ఇచ్చేసింది. లెక్క తేలింది: సెయిబు .589, కింతెత్సు .587. 74 గెలుపులున్న జట్టు 73 గెలిచిన జట్టు వెనక నిలబడింది.

మరుసటి ఏడాది అదే భాగహారం కింతెత్సుకు కలిసొచ్చింది. 71 గెలుపులతో .568. ఒరిక్స్ 72 గెలిచి కూడా .567. మూడో స్థానంలోని సెయిబు .566.

టైలను వదిలించుకోవడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. 1990ల్లో సెంట్రల్ లీగ్ టై అయిన ఆటలను మళ్లీ ఆడించింది. అందుకే 1994 అక్టోబర్ 8న చునిచి, జెయింట్స్ సరిగ్గా 69 గెలుపులు, 60 ఓటములతో సమంగా నిలిచి ఆఖరి మ్యాచ్‌లో తలపడ్డాయి. జెయింట్స్ 6-3తో గెలిచిన ఆ ఆటకు టోక్యో ప్రాంతంలో టీవీ రేటింగ్ 48.8 శాతం. 2001లో సెంట్రల్ లీగ్ గెలుపుల సంఖ్యతోనే ర్యాంకులిచ్చి చూసింది. మరుసటి ఏడాదే పాత లెక్కకు తిరిగొచ్చింది. 2010లో సెయిబు, 2014లో ఒరిక్స్ చెరో రెండు గెలుపులు ఎక్కువున్నా సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్‌కు పతాకం వదిలేయాల్సి వచ్చింది.

2022లో మాత్రం కథ తిరగబడింది. రెండు ఆటలు మిగిలుండగా సాఫ్ట్‌బ్యాంక్ ఒక్కటి గెలిచినా, ఆఖరికి ఒక్కటి టై చేసుకున్నా చాలు. అక్టోబర్ 1న సెయిబుతో ఆట 11వ ఇన్నింగ్స్ దాకా సాగింది. ఇంకొక్క ఇన్నింగ్స్ నెట్టుకొస్తే టై. సెయిబు ఆటగాడు యమకావా హోతక హోమ్ రన్‌తో అక్కడే ముగించేశాడు. మరునాడు సాఫ్ట్‌బ్యాంక్ లోట్టే చేతిలో ఓడింది, సెందాయిలో ఒరిక్స్ గెలిచింది. రెండు జట్లూ 76 గెలుపులు, 65 ఓటములు, 2 టైలు. ముఖాముఖిలో 15-10తో ముందున్న ఒరిక్స్‌కే టైటిల్.

కింతెత్సు 2004లో ఒరిక్స్‌లో విలీనమైంది. బఫలోస్ పేరు అలా ఒరిక్స్‌కు వచ్చింది. హన్క్యూ తన జట్టును ఒరిక్స్ మాతృసంస్థకు అమ్ముతున్నట్టు ప్రకటించింది కూడా 1988 అక్టోబర్ 19నే. 2022లో బఫలోస్ మేనేజర్ నకజిమా సతోషి, ఆ రోజుకు హన్క్యూ జట్టులో కుర్ర క్యాచర్.